శేషవస్త్రము

క్రమాంత పరీక్షలో ఉత్తీర్ణుడనైననాడు సభలో నాకు శాలువ, సంభావన లభించినవి. ఇల్లు చేరగానే మా గురువుగారు ఆ శాలువను మడతపెట్టించి, నేను స్వరితము జార్చిన పనసనే పదిమార్లు చెప్పించిరి. సభలో ఎవ్వరును గుర్తింపని దోషమది. నాకు కన్నీరు వచ్చినది.

అందుచేతనే కాబోలు, బాలగాయకులకు బిరుదులనిన నాకు చిరకాలము విముఖత. మంగళంపల్లివారి వృత్తాంతము దానిని సడలించినది. ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడ త్యాగరాజారాధనలో పూర్తి కచేరీ చేసిన మురళీకృష్ణునికి, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారు ‘బాల’ శబ్దమును చేర్చిరి. పిల్లవానికి అది భారమే. అయినను వెనుక పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిక్షణ ఉన్నది. త్యాగరాజస్వామి శిష్యపరంపర ఉన్నది. ఆ అండ లేని బిరుదునకే నేను నేటికిని భయపడుదును.

గత నవరాత్రులలో మా ఆలయమున పాడిన ఒక బాలికకు అమ్మవారి శేషవస్త్రము కప్పుమని నిర్వాహకులు కోరిరి. తారషడ్జమున శ్రుతి కొంత తగ్గినదని నా చెవికి తోచినది. సంకోచించితిని, కప్పితిని. ఆ మాట ఆమె గురువమ్మగారి చెవిన వేయవలెనని ప్రసాదవితరణానంతరము మంటపమునకు పోతిని. వస్త్రము ఇంకను ఆ బిడ్డ భుజముపైననే ఉన్నది. గురువమ్మగారు అప్పటికే తంబుర మీటుచు, ఆ షడ్జమునే మరల మరల పాడించుచున్నారు.