మన్ననూరు గేటు దాటితే

హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం వాళ్ళకు వన్యప్రాణులంటే ఎల్బీనగర్ అవతలి జింకల పార్కే గుర్తొస్తుంది. ఒకప్పటి నిజాం వేటస్థలం. మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. లోపల కృష్ణజింకలు, బయట ఆటోనగర్ లారీలు, మధ్యలో కంచె. నగరం మీదపడుతున్న చోట అంతకన్నా దారి లేదు, ఒప్పుకుంటాను. మరి తరతరాలుగా మనుషులున్న అడవిలో ఏం చేస్తారు? అది చూద్దామనే అమ్రాబాద్ వెళ్ళాను.

నగరం నుంచి శ్రీశైలం రోడ్డులో దాదాపు 140 కిలోమీటర్లు పోతే మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేసేస్తారు. అది దాటితే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల నల్లమల. రాష్ట్ర విభజనకు ముందు ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వులో భాగం. లోపల అప్పాపూర్, మేడిమల్కల వంటి చెంచు పెంటలు, అంటే గూడేలు, ఉన్నాయి.

నేను చూసిన అటవీశాఖ బేస్ క్యాంపులో రేకుల షెడ్డు, నీళ్ళ డ్రమ్ము, మూడు రాళ్ళ పొయ్యి, మూలన కర్రలు తప్ప పెద్ద సరంజామా లేదు. ఇలాంటి క్యాంపుల్లో కాపలా కాసేవాళ్ళలో చాలామంది చెంచులే. శాశ్వత ఉద్యోగులు కారు. నాకు తోడొచ్చిన వాచర్ వాగు ఇసుకలో గొంతుక్కూర్చుని, ‘ఇది రాత్రి పోయింది సార్. ఆడపులి. నీళ్ళు తాగి ఎన్కకు మర్లింది’ అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగితే అడుగు గుర్తును వేలితో చూపించాడు. మగపులి అడుగు చదరంగా పడుతుందట, ఇది కాస్త పొడుగ్గా ఉంది. రాత్రిదే అనడానికి, దాని అంచులను చెరిపేస్తూ చీమలు బారుకట్టి పోయిన గీత సాక్ష్యం. మా వెంట ఉన్న గార్డు ఆ వివరం ఫోన్లో ఎక్కించుకున్నాడు. కంప్యూటర్లోకి పోయే ఆ సమాచారానికి మొదటి చదువరి ఈ మనిషి.

పులుల లెక్కకు అడవిలో కట్టే కెమెరాల సంగతీ అంతే. పులికి రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు కాబట్టి బాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తున కడతారు. ఏ బాటకు కట్టాలన్నది మాత్రం పులి నడక తెలిసినవాడు చెప్పాల్సిందే. ఎండాకాలం ముందు ఫైర్‌లైన్లు తీయడం, జంతువులు తాగే సాసర్ పిట్లలో నీళ్ళు నింపడం, మంట లేస్తే పచ్చికొమ్మలు విరిచి కొట్టడం, శ్రీశైలం యాత్రికులు విసిరిపోయిన ప్లాస్టిక్ ఏరడం కూడా వీళ్ళ పనే. ఆ చివరి పని వాళ్ళ నెత్తిన పెట్టింది మనమే.

తేనె గురించి మాట వచ్చినప్పుడు వాచర్ కళ్ళు మెరిశాయి. కొండచరియ మీంచి తాడుకు వేలాడి పట్టు కోస్తారు. పైన తాడు పట్టేది భార్య తోడబుట్టినవాడు. అక్కాచెల్లెళ్ళ పసుపుకుంకుమలు ఎవడు పోగొట్టుకుంటాడు? చట్టాలు రాసేవాళ్ళు ఈ ఏర్పాటు ఒకసారి చూసి రావాలి.

ఈ అడవిని చెంచులు జీతానికే కాయలేదు. 1940లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వచ్చి వీళ్ళ మధ్య ఉండి, 1943లో పుస్తకం అచ్చువేసేనాటికి పులుల ప్రాజెక్టు ఊసే లేదు. 2019లో యురేనియం తవ్వకాల మాట లేచినప్పుడు ముందు అడ్డం తిరిగింది పెంటలవాళ్ళే. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది.

ఇంతచేసీ కోర్ ఏరియాలోని ఊళ్ళను బయటికి తరలించే ఆలోచన నడుస్తూనే ఉంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ లెక్క ప్రకారం కుటుంబానికి 15 లక్షల రూపాయలు. బడి, ఆసుపత్రి దగ్గరవుతాయని పోదామనే కుర్రాళ్ళూ కనిపించారు, వాళ్ళను తప్పుపట్టలేను. పెద్దాయన ఒకాయన మాత్రం, ‘పొయ్యి ఏం జేయాలె సార్? ఆడ గడ్డలుంటయా, తేనె ఉంటదా?’ అన్నాడు. కాపలాకు చెంచు కావాలి, కాపురానికి వద్దు అనడం నాకైతే న్యాయంగా తోచలేదు. పోయేవాళ్ళు ఇష్టపడే పోవాలి, ఉండేవాళ్ళకు హక్కుపత్రంతో పాటు శాశ్వత కొలువూ ఇవ్వాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఎవరినీ తరలించడానికి వీల్లేదు.