ఖాళీ దారి కోసం బార్కస్ దాకా

హిమాలయాల్లో ట్రెక్కింగ్ అంటే ప్లానింగ్ మొత్తం మనాలీలోనో డెహ్రాడూన్‌లోనో జరుగుతుందనుకుంటాం. మా ట్రిప్పు మాత్రం బార్కస్‌లో, ఒక పెద్ద మండీ పళ్లెం చుట్టూ కూర్చుని ఖరారు చేసుకున్నాం. అది కూడా దోస్తు వాళ్ల నాన్న ఒప్పుకున్నాకే!

బార్కస్ తెలుసుగా? చాంద్రాయణగుట్ట దాటాక వస్తుంది. సాయంత్రమైతే లుంగీలు కట్టుకున్న పెద్దమనుషులు అరుగుల మీద కూర్చుని కబుర్లాడుతుంటారు. సీజన్‌లో తోపుడుబండ్ల నిండా జామకాయలే. అసలు ఆ పేరే 'బ్యారక్స్' నుంచి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో పనిచేసేవాళ్లు. వాళ్ల బ్యారక్స్ ఉన్న చోటు జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. 1948లో నిజాం పాలన పోయింది, సైన్యం పోయింది. ఆ కుటుంబాలు చాలావరకు ఇక్కడే ఉండిపోయాయి. మనం శనివారం రాత్రి బండేసుకుని తినడానికి వెళ్లే మండీ కూడా హద్రమౌత్ వంటే.

నా దోస్తుది అలాంటి కుటుంబమే. ఇంజినీరింగ్‌లో నా బెంచ్‌మేట్, ఇప్పుడు ఆఫీసులో పక్క టీమ్. వాళ్లింటికి వెళ్లడం నాకు కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు గేటు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. కారణం అంతకుముందు ఏడాది నేను చేసిన పని.

అప్పుడు ఉత్తరాఖండ్‌లో ఒక పాస్‌కి నలుగురం వెళ్లాం. దారి వెతికింది నేనే. నా లెక్క ఒక్కటే, జనం ఉండకూడదు. వారమంతా మీటింగులు, నోటిఫికేషన్లు. ఆ నాలుగు రోజులైనా మనిషి గొంతు వినపడకూడదని పట్టుబట్టా. మొదటి రాత్రి దాదాపు 3,100 మీటర్ల ఎత్తున పడుకున్నాం. రెండో రాత్రికే 3,900 దాటేశాం. చీకటి పడ్డాక మావాడికి తలనొప్పి మొదలైంది, తర్వాత వాంతులు. అర్ధరాత్రికి లేచి నిలబడితే తూలిపోతున్నాడు. ఫోన్‌లో సిగ్నల్ లేదు, చుట్టూ ఇంకో టెంట్ లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దం అదే. ఆ రాత్రి దానంత భయపెట్టింది ఇంకేదీ లేదు.

హెడ్‌ల్యాంపుల వెలుగులో వాడి చెరో చెయ్యీ పట్టుకుని కిందికి దించాం. ఎత్తు తగ్గేకొద్దీ వాడు తేరుకున్నాడు. బతికిపోయాం. తర్వాత చదివితే తెలిసింది, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదట. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలట. ఆ నియమం నెట్‌లో ఎక్కడ వెతికినా దొరుకుతుంది. నేనే చూడలేదు.

అందుకే ఈసారి వాళ్ల నాన్న, నేను చాచా అని పిలుస్తా, "ముందు ఆ పిల్లగాడిని ఇంటికి రమ్మను" అన్నారు.

దస్తర్‌ఖాన్ పరిచి పళ్లెం మధ్యలో పెట్టారు. అందరం ఒకే పళ్లెంలో తింటున్నాం. తిట్టాలనుకున్న మనిషి మాంసం ముక్కలు తుంచి నా వైపు జరుపుతుంటే ముద్ద గొంతు దిగడం లేదు. చాచా చాలా ఏళ్లు గల్ఫ్‌లో ట్రక్కు నడిపి వచ్చినాయన. తినడం అయ్యాక నెమ్మదిగా అడిగారు.

"ఖాళీ రోడ్డు నాక్కూడా ఇష్టమే బేటా. ఎడారిల రాత్రిపూట నడిపేటోణ్ని. కానీ బయల్దేరే ముందు ఒక్కటి చూసుకునేటోణ్ని. బండి ఆగితే ఎవరొస్తరు? ఎన్ని గంటల్ల వస్తరు? నీ దారిల మూడో రోజు నా కొడుకు పడిపోతే, రోడ్డు మీదికి ఎన్ని గంటల్ల తెస్తవు?"

నా దగ్గర జవాబు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎత్తులు, దూరాలు, ఖర్చులు అన్నీ వేసిన షీట్ ఉంది. ఆ కాలమ్ ఒక్కటే లేదు.

ఆ రాత్రి వాళ్ల డాబా మీద కూర్చుని షీట్‌లో ఆ కాలమ్ కలిపాం. కలిపాక ఒక్కో దారీ వేరేలా కనిపించడం మొదలైంది.

కేదార్‌కాంఠ: మొదటిసారి వెళ్లేవాళ్లకి మంచిదే. డిసెంబరులో మంచు కోసం వచ్చే జనంతో కిటకిటలాడుతుంది. కొట్టేశాం.

హంప్టా పాస్: దాదాపు 4,270 మీటర్లు. దేశంలోని ప్రతి కంపెనీ బ్యాచ్‌లు అమ్మే దారి. అదీ పోయింది.

పిన్ భాబా పాస్: కిన్నౌర్‌లోని కాఫ్నూ నుంచి స్పితీలోని ముధ్ ఊరికి. నా మనసు దీని మీదే. జనం తక్కువ, పచ్చటి లోయ నుంచి రాళ్ల ఎడారిలోకి దిగుతాం. కానీ పాస్ 4,900 మీటర్లకు అటూఇటూ ఉంటుంది. మధ్యలో ఎవరికైనా బాగోలేకపోతే వెనక్కి పోవాలన్నా, ముందుకు పోవాలన్నా రోజులే.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్దామన్నాడొకడు. మన దేశంలో అనుమతి లేకుండా అది వాడితే కేసవుతుంది. అదీ పక్కన పెట్టేశాం.

అంత దూరమెందుకు, మన నల్లమలే ఉందిగా అని కూడా అనుకున్నాం. ఆత్మకూరు వైపు నుంచి అడవిలో భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పాత కాలినడక దారి ఉంది. కానీ అది పులుల అడవి. శివరాత్రి, ఉగాది రోజుల్లో భక్తుల కోసం తెరుస్తారు. అప్పుడు వేలమంది నడుస్తారు. మిగతా రోజుల్లో అక్కడ నిశ్శబ్దం పులులది, మనది కాదు.

చివరికి మిగిలింది తీర్థన్ లోయ. హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్‌లో ఉంటుంది. ఈ పార్క్‌కి 2014లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లోపలికి మోటారు రోడ్డు లేదు, పర్మిట్ ఉండాలి. గుశైని ఊరి నుంచి నది పక్కనే నడిస్తే రోల్లా క్యాంపు, దాదాపు 10 కిలోమీటర్లు. అక్కణ్నుంచి నిట్టనిలువుగా ఎక్కితే శిల్ట్, సుమారు 3,100 మీటర్లు. ఈ దారిలో దాటాల్సిన పాస్ లేదు, శిఖరం లేదు. వెళ్లిన దారినే తిరిగి రావాలి. ఇన్‌స్టాలో పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే జనం తక్కువ! శిల్ట్‌లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా ఒక్క రోజులో రోడ్డు మీదికి దించొచ్చు.

చాచాకి ఫోన్‌లో మ్యాప్ చూపించా. వేలితో నది వెంబడి పైకి వెళ్లి, మళ్లీ అదే గీత మీద కిందికి వచ్చారు. "లోకల్ మనిషి ఉంటడా మీతోని?" అని అడిగారు. గుశైని కుర్రాణ్ని గైడ్‌గా మాట్లాడామని చెప్పా. "అట్లయితే పో" అన్నారు. అంతే.

బయల్దేరే ముందు రెండు నెలలు ఆదివారాలు భువనగిరి కోట ఎక్కాం. బ్యాగులో బట్టలకు బదులు నీళ్ల సీసాలు. వర్షాకాలంలో ఆ కొండల్లో చరియలు విరిగిపడతాయి కాబట్టి అక్టోబరు ఎంచుకున్నాం. దసరా సెలవుల రద్దీ అయ్యాక, వారం మధ్యలో నడక మొదలుపెట్టాం. ఢిల్లీ నుంచి మనాలీ బస్సు ఎక్కి ఔట్ దగ్గర దిగి, బంజార్ మీదుగా గుశైని చేరాం.

మొదటి రోజంతా నది మోత. శిల్ట్ ఎక్కేటప్పుడు ఆ మోత ఒక్కో మలుపుకీ తగ్గుతూ వచ్చి, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. ఆ సాయంత్రం గుడిసె ముందు కూర్చుంటే గాలి, దూరంగా ఏదో పిట్ట కూత, అంతే. అక్కడి అడవిలో జుజురానా అనే అరుదైన పక్షి ఉంటుంది, హిమాచల్ రాష్ట్ర పక్షి. మాకు కనపడలేదు. గైడ్ నవ్వి, "మిమ్మల్ని అది చూసే ఉంటుంది" అన్నాడు.

రాత్రి మావాణ్ని మూడుసార్లు లేపి తలనొప్పి ఉందా అని అడిగా. మూడోసారి తిట్టాడు. ఆ తిట్టు విన్నాక నిద్ర పట్టింది.

తిరిగి గుశైని దగ్గరికి రాగానే సిగ్నల్ వచ్చింది. మావాడు ముందు ఇంటికి చేశాడు. చాచా వాడితో రెండే మాటలు మాట్లాడి, ఫోన్ నాకిమ్మన్నారు.

"ఎన్ని గంటలు పట్టింది దిగనీకి?"

చెప్పా.

"లెక్క కరెక్టే వచ్చింది కదా. శనివారం రా, మండీ తిందాం."

మీరూ ఖాళీ దారి వెతుకుతుంటే తప్పకుండా వెళ్లండి. మీ షీట్‌లో మాత్రం ఆ ఒక్క కాలమ్ పెట్టుకోండి. అది నింపాకే టికెట్లు బుక్ చేయండి.