ముందు భోంచేద్దాం



ఈ వారం ఒక బాతు గురించి రాస్తున్నాం. నవ్వకండి, పీకింగ్ బాతు సామాన్యమైనది కాదు. పీకింగ్ అంటే ఇప్పటి బీజింగ్. అక్కడి వంటవాళ్లు బాతు చర్మానికీ కొవ్వుకూ మధ్య గాలి ఊదుతారు. మరిగే నీళ్లు పోసి, తీపి పాకం పూసి, కొక్కేనికి వేలాడదీసి గంటల తరబడి ఆరబెడతారు. తర్వాత పండ్లచెట్ల కట్టెల సెగలో కాలుస్తారు. అలా ఆరితేనే చర్మం అప్పడంలా కరకరలాడుతుంది. 1864లో మొదలైన చ్వాన్‌జూదే అనే బీజింగ్ హోటల్ ఈ పద్ధతికి పేరుపొందింది.

మేమిద్దరం దంపతులం దాన్ని తిన్నది సింగపూర్ చైనాటౌన్‌లో. మన సంఘానికి చెందిన అన్నదమ్ములిద్దరు ఆ నగరంలోనే పనిచేస్తున్నారు. పొలం పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి, మూడేళ్లుగా పలకరింపుల్లేవు. వారి అనుమతితోనే ఇది రాస్తున్నాం, పేర్లు చెప్పం.

పెద్దవాడు ముందురోజే బాతు చెప్పి ఉంచాడు. పాస్టరు గారు వచ్చారు కదా అని చిన్నవాడూ వచ్చాడు. గుండ్రటి బల్ల, ఎంత దూరం జరిగినా ఎదురుబొదురుగానే కూర్చోవాలి! ప్రార్థన చేసుకున్నాం. వడ్డించే ఆయన మా ముందే బాతును పల్చగా కోశాడు. ఆ ముక్కను నల్లటి తియ్యని సాస్‌లో అద్ది, ఉల్లికాడ, కీరదోస ముక్క కలిపి, పుల్కా కన్నా పల్చటి రొట్టెలో చుట్టుకోవాలి. చిన్నవాడికి చుట్టడం కుదరక సాస్ చొక్కా మీద కారింది. అన్న ఏమీ అనకుండా ఒకటి చుట్టి తమ్ముడి పళ్లెంలో పెట్టాడు. తమ్ముడు కాసేపు దానివైపే చూసి, తిన్నాడు.

"ఇంకోటి చుట్టనారా?"

మూడేళ్లలో అదే మొదటి మాట. పొలం సంగతి ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

1971 జులైలో అమెరికా తరఫున హెన్రీ కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. రెండు దేశాలూ 20 ఏళ్లకు పైగా ఎడమొహం పెడమొహం. చర్చ వేడెక్కిన వేళ చైనా ప్రధాని చౌ ఎన్‌లై, బాతు చల్లారిపోతుంది, ముందు భోంచేద్దామన్నాడట. తిన్నాక మళ్లీ మాటలకు కూర్చున్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్‌లో దిగాడు. బాతే సంధి చేసిందని మేము అనం. ఆకలి తీరినవాడు ఎదుటివాడి మాట కాస్త ఓపికగా వింటాడు, అంతే.

మన ప్రభువు చేసిందీ ఇదే కదా! తనను ఎరుగనన్న పేతురుకు తిబెరియ తీరాన ముందు చేపలు, రొట్టె పెట్టాడు. అడగవలసింది తిన్న తర్వాతే అడిగాడు.

ఆ పొలం తగాదా ఇంకా తేలలేదు. కానీ అన్నదమ్ములు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రియులారా, మీకు మాటల్లేని మనిషి ఎవరో మీకు తెలుసు. బాతు అక్కర్లేదు, పప్పుచారు చాలు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆ మనిషికి మీ ఇంట్లో ఒక విస్తరి వేయండి. లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.