కమలాపురం బాటలో

కడప పట్టణం నుండి కమలాపురానికి సుమారు 25 కిలోమీటర్ల దూరం. నడుమ వల్లూరు వస్తుంది. దారి పొడవునా మెట్టచేలు, దూరాన కొండల వరుస, ఎర్రగుంట్ల వైపు నుండి సిమెంటూ నాపరాళ్లూ మోసుకొచ్చే లారీలు కనిపిస్తాయి. కమలాపురం చేరువలో పాపఘ్ని వచ్చి పెన్నలో కలుస్తుంది. బస్సులో పోయేవారు ఈ దారిలో కొండలను చూస్తారు. సైకిలుపై పోయేవారి చూపు మాత్రం రోడ్డు అంచున పెరిగిన కంపను విడిచిపోదు.

ఆ కంపకు ఒక చరిత్ర ఉంది. మనం సర్కారు తుమ్మ అని పిలిచే ఈ చెట్టు మన నేలలో పుట్టినది కాదు, అమెరికా ఖండం నుండి వచ్చినది. వంటచెరకు కోసం, బీడు భూములలో పచ్చదనం కోసం ఆంగ్లేయుల కాలంలో అటవీ శాఖ దీని విత్తనాలను తెప్పించింది. 1877లో భారతదేశంలో దీనిని తొలిసారి నాటిన చోట్లలో మన కమలాపురం ఒకటి. నాటి నుండి ఇది చెరువు కట్టలనూ పొలం గట్లనూ ఆక్రమించుకుంటూ పోయింది. ఎందరో పేదల పొయ్యి దీని కట్టెలతోనే వెలిగింది, బొగ్గు కాల్చేవారికి ఇదే జీవనాధారమైంది. అయితే సైకిలు టైరుకు దీని ముల్లును మించిన శత్రువు ఈ ప్రాంతంలో లేదు.

మేము ఈ బాట పట్టడానికి ఒక కారణం ఉంది. మా మదరసాలోని సహోపాధ్యాయులొకరు మా కంటే నాలుగేళ్లు పెద్దవారు. వల్లూరు దాటిన తరువాత ఒక చిన్న పల్లెలో కాపురముండి, సాయంత్రం వేళ పదకొండు మంది పిల్లలకు పాఠం చెప్పేందుకు అక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని మరో పల్లెకు సైకిలుపై వెళ్తారు. ఇషా నమాజు ముగిసే వేళకు ఆ పల్లె నుండి బస్సు ఉండదు. గత సంవత్సరం ఆయనకు సీటుపై కూర్చున్న కొద్దిసేపటికే తొడల నడుమ తిమ్మిరి పట్టసాగింది. దానికి తోడు వారానికి రెండు పంక్చర్లు. వారానికి ఆరు రోజుల పాఠం రెండు రోజులకు తగ్గింది. పిల్లలు కంఠస్థం చేసిన సూరాలను మరచిపోతున్నారని తల్లులు మాకు కబురు పంపారు. సైకిలు అమ్మివేస్తానని ఆయన అన్నప్పుడు, ముందుగా కడపకు తెచ్చి ఒకసారి చూపించండని మేము కోరాము.

పంక్చర్ దుకాణం నడిపే చాచా సైకిలును చూస్తూనే సీటుపై కప్పిన దళసరి నురగ కవరును ఊడదీసి ప్రక్కన పెట్టారు. "మౌలానా, మెత్తదనం చేతికి బాగుంటుంది, ఎముకకు కాదు" అన్నారు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. మనిషి కూర్చున్నప్పుడు బరువు మోయవలసినవి పిరుదుల అడుగునున్న రెండు ఎముకలు. వాటి నడుమనున్న మెత్తని భాగంలో నరాలు, రక్తనాళాలు ఉంటాయి. దళసరి నురగలో ఎముకలు దిగబడిపోతాయి, మధ్యనున్న నురగ పైకి ఉబికి ఆ నరాలను నొక్కుతుంది. తిమ్మిరి పుట్టేది అక్కడే. కనుక కావలసినది ఆ రెండు ఎముకలకు గట్టి ఆధారమిచ్చే వెడల్పు. ఇంట్లోనే దీనిని కొలవవచ్చును. గట్టి బల్లపై పెట్టెల అట్ట ముక్కను పరచి, దానిపై కొద్దిసేపు కూర్చొని లేస్తే రెండు గుంటలు పడతాయి. ఆ గుంటల నడిమి దూరం కంటే సీటు వెనుక భాగం రెండు మూడు సెంటీమీటర్లైనా వెడల్పుగా ఉండాలి. నిటారుగా కూర్చొని తొక్కే పెద్ద సైకిళ్లకు స్ప్రింగులున్న వెడల్పు సీటు అనువైనది. ముందుకు వంగి తొక్కే సైకిళ్లకు అంతకంటే సన్ననిది సరిపోతుంది. స్త్రీలలో ఆ ఎముకల నడుమ దూరం సాధారణంగా ఎక్కువ. అన్న తొక్కిన సైకిలును చెల్లెలికి ఇచ్చే ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

తరువాత చాచా సీటు ఎత్తును సరిచేశారు. పెడలు పూర్తిగా క్రిందికి వచ్చినప్పుడు దానిపై మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ముందు కొన పైకి లేచి ఉండగా దానిని సమతలానికి దించారు. పది నిమిషాలకొకసారి పెడళ్లపై నిలబడి కొన్ని క్షణాలు తొక్కమన్నారు. ఇన్ని చేసినా తిమ్మిరి తగ్గకపోతే, సైకిలు దిగిన తరువాత కూడా అలాగే ఉంటే, వైద్యునికి చూపించాలి.

మరునాడు ఫజ్ర్ నమాజు అనంతరం మేమిద్దరమూ, మా పూర్వ విద్యార్థి ఒకరూ బయలుదేరాము. వల్లూరు దాటిన కొంత సేపటికి ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇస్తూ ముగ్గురమూ మట్టి అంచుకు దిగాము. అక్కడ ఎవరో కంచె నరికి కంపను వదిలివేశారు. సహోపాధ్యాయుల వెనుక చక్రం గాలి పోయింది.

ఆ యువకుడు ట్యూబును బయటికి లాగి, గాలి కొట్టి, బోరు తొట్టి నీటిలో ముంచాడు. బుడగలు వచ్చిన చోట గుర్తు పెట్టి, వాల్వు నుండి ఆ గుర్తు ఎంత దూరముందో టైరులోనూ అంత దూరంలో వెదికాడు. విరిగిన ముల్లు కొన లోపలే దాగి ఉంది. దానిని తీయకుండా అతుకు వేస్తే మరికొంత దూరంలో మరల పంక్చరే. రంధ్రం ట్యూబుకు బయటి వైపున ఉంటే ముల్లో మేకో కారణం. లోపలి వైపున ఉంటే రిమ్ము పట్టీ జరిగి స్పోకు కొన గుచ్చుకుందన్నమాట. ప్రక్కప్రక్కన రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై ట్యూబు రాయికీ రిమ్ముకూ నడుమ నలిగిందని అర్థం. అందుకే టైరు ప్రక్కన ముద్రించిన ఒత్తిడి మేరకు గాలి ఉండేలా వారానికొకసారి చూసుకోవాలి. అరిగిన టైరును మార్చాలి. మట్టి అంచుకు దిగి వచ్చిన ప్రతిసారీ ఆగి టైరును చూడాలి. పల్లేరుకాయైనా, తుమ్మ ముల్లైనా గుచ్చుకున్న వెంటనే ట్యూబును చేరకపోవచ్చును. చక్రం తిరిగే కొద్దీ లోనికి దిగుతుంది.

అతుకు ఆరేలోపు మేము ఆ కంపను కర్రతో ఈడ్చి దూరంగా వేశాము. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం సత్కార్యమని చిన్న తరగతిలోనే పిల్లలకు నేర్పుతాము కదా! కమలాపురం చేరి పాపఘ్ని ఒడ్డున కూర్చున్నప్పుడు తిమ్మిరి సంగతి అడిగాము. కాళ్లు నొప్పిగా ఉన్నాయి కాని తిమ్మిరి లేదని చెప్పి ఆయన నవ్వారు.

ఇప్పుడు పాఠం మరల ఆరు రోజులూ జరుగుతున్నది. ఇషా నమాజు తరువాత ఆయన తిరుగు ప్రయాణానికి లేవగానే పిల్లలలో ఒకడు వెనుక చక్రాన్ని ఎత్తి మెల్లగా త్రిప్పుతాడు. ఇంకొకడు టార్చి పట్టుకుంటాడు. మిగిలినవారు టైరులో ముల్లు వెదుకుతారు.