కొసలు దాచడమే అసలు పని

చేత్తో అల్లిన లేసు మీ చేతికొస్తే ముందు తిరగేసి చూడండి. పైన పువ్వులూ ఆకులూ ఎవరైనా మెచ్చుకుంటారు. అల్లినామె ఓపిక మాత్రం వెనకవైపే తెలుస్తుంది.

మన నరసాపురం, పాలకొల్లు వైపు లేసంటే క్రోషా లేసు. ఒకటే సూది, ఒకటే దారం. నేను చెప్పబోయేది బాబిన్ లేసు. గట్టి దిండు మీద డిజైన్ కాగితం పరిచి, గుండుసూదులు గుచ్చి, పుల్లల్లాంటి బాబిన్లకు చుట్టిన దారాలను జతలు జతలుగా దాటిస్తూ, మెలేస్తూ అల్లుతారు. బెల్జియంలో బ్రూజ్, ఇంగ్లండులో హోనిటన్, స్లోవేనియాలో ఇద్రియా దీనికి పేరుపడ్డ ఊళ్లు. ఇద్రియాలో 1876లో పెట్టిన లేసు బడి ఇప్పటికీ నడుస్తోంది. మన దక్షిణాదిలోనూ నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ ఇల్లాలు 19వ శతాబ్దం తొలినాళ్లలోనే ఆడపిల్లలకు ఈ లేసు నేర్పింది.

ఇందులో మొదలుపెట్టేటప్పుడు కొసల బెడదే ఉండదు. ఒకే దారాన్ని రెండు చివర్ల నుంచీ రెండు బాబిన్లకు చుట్టి, నడిమి భాగాన్ని సూదికి తగిలిస్తారు. చిక్కంతా ఆఖర్నే. రుమాలు అంచు అల్లుతూ నాలుగు మూలలూ తిరిగి మొదటికొచ్చారనుకోండి, ఇరవై జతలుంటే నలభై కొసలు! వాటిని ఎక్కడ దాచాలో మొదటి సూది గుచ్చే ముందే చూసుకోవాలి. వలలా పలచగా ఉన్నచోట మొదలుపెడితే ముడులకు చోటుండదు. గుడ్డలా దట్టంగా అల్లే చోటు వెతుక్కోండి. తిన్నగా కలిపేకన్నా ఏటవాలుగా కలిపితే అతుకు కంటికి అంతగా ఆనదు.

ఇక కలపడం. మొదటి వరసలో సూది తీస్తే అక్కడ చిన్న దారపు ఉచ్చు ఉంటుంది. బాగా సన్నటి క్రోషా సూది అందులో దూర్చి, జతలో ఒక దారాన్ని మడతగా పైకి లాగాలి. ఆ మడతలోంచి రెండో బాబిన్‌ను పోనిచ్చి మెల్లగా బిగించాలి. తర్వాత ముడి: మొదట కుడిది ఎడమ మీదుగా, తర్వాత ఎడమది కుడి మీదుగా. రెండుసార్లూ ఒకేలా వేస్తే ముడి నిలవదు. పట్టుదారమైతే జారుతుంది కాబట్టి ఇంకో మెలిక వేయండి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఒకటుంది. పని ఇంకో నాలుగైదు వరసల్లో అయిపోతుందనగా, గట్టి రంగు దారం ఒకటి రెండుగా మడిచి, అల్లికలోనే కలిపేస్తారు. మడత వైపు ముగింపు దిక్కున బయటికి ఉండాలి. చివర ముడి వేశాక కొసను ఆ మడతలో పెట్టి, రంగుదారాన్ని అవతలి నుంచి లాగితే కొస వెనక్కి నడిచి అల్లికలో కలిసిపోతుంది. దాన్ని అంచుకంటా కత్తిరిస్తే మళ్లీ వెతికినా దొరకదు.

మధ్యలో దారం అయిపోతే? ముందే చూసుకుని, దట్టమైన చోట కొత్త దారాన్ని పాతదాని పక్కనే నడిపించాలి. రెండూ కలిసి కొంతదూరం వెళ్లాక పాతదాన్ని వదిలేయడమే. ముడి అక్కర్లేదు.

హోనిటన్ లేసు సాధారణంగా బోర్లా అల్లుతారు, అల్లేవారికి కనిపించేది వెనకవైపు. ముడులన్నీ అటే పడతాయి. పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి తర్వాత కలుపుతారు కాబట్టి ప్రతి పువ్వుకీ దాని కొసలు దానికుంటాయి. 1840లో విక్టోరియా రాణి పెళ్లికి డెవన్‌లోని బీర్ ఊరి ఆడవాళ్లు అల్లింది ఆ లేసే. ఆ పెళ్లి గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్ల వేళ్లే గుర్తొస్తాయి. మన నరసాపురంలోనూ లేసు విడివిడిగా అల్లి కలిపేదే. పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని కలిపే అతుకుపని చేసేవారు వేరే. లేసు అందం గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండోవాళ్ల మాట ఎత్తరు. ఎత్తాలి. అతుకు బాగోకపోతే పువ్వులెంత బాగున్నా లేసు ఉతుకుల్లో విడిపోతుంది.

మీ ఇంట్లో అమ్మమ్మల నాటి లేసు ఏదైనా ఉండి, అందులో దారం కొస ఊడి వేలాడుతుంటే, దయచేసి కత్తెర పెట్టకండి. జిగురు అసలే పూయకండి, కొన్నాళ్లు గడిచాక గట్టిపడి పచ్చబడుతుంది. మొన మొద్దుగా ఉన్న సన్నటి సూదికి ఆ కొసను ఎక్కించి, దట్టంగా ఉన్న చోటికి వెనకవైపు నుంచి తీసుకెళ్లి, నాలుగు దారాల కింద దాచండి. పావుగంట పని.