గుంట భూమిలో లెక్కల పీరియడ్

బోర్డు మీద సారు రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి రాశారు. 1.30, 1.20. "కలపండ్రి" అన్నారు. ఏడో తరగతి గది. పెన్నులు కదిలాయి. ముందు బెంచీల్లో ఇద్దరు ముగ్గురు అప్పుడే 2.50 అని నోటుబుక్కు ఎత్తి చూపిస్తున్నారు. కిటికీ పక్కనున్న పిల్లవాడు మాత్రం ఏమీ రాయకుండా చెయ్యెత్తాడు.

"పైసలా సార్, భూమా?"

సారు నా వైపు చూసి నవ్వారు. ఈ ప్రశ్న వినిపించడానికే నన్ను ఇంతదూరం రప్పించారని అప్పుడర్థమైంది.

హన్మకొండలో ఖమ్మం బస్సెక్కితే వర్ధన్నపేట, రాయపర్తి దాటాక తొర్రూరు వస్తుంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను పంచినప్పుడు ఇది మహబూబాబాద్ వాటాకు వచ్చింది. పక్కనే ఉన్న పాలకుర్తి జనగామకు పోయింది. నేను వెళ్లింది పత్తి ఏరే రోజుల్లో. రోడ్డు పొడవునా బోరాలు నింపుకున్న ట్రాలీలు, వాటి వెనక ఎగిరే దూది పింజలు. బస్టాండులో దిగి ఆటోలో పావుగంట పోతే బడి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఊరి పేరు మాత్రం రాయొద్దన్నారు సారు. "రాస్తే మా గొప్ప మేమే చెప్పుకున్నట్టుంటది. పక్క బడోళ్లు ఏమనుకుంటరు?" అని ఆయన మొగమాటం.

ఆ రోజు ఏడో తరగతిలో ఆరుగురు రాలేదు. పత్తికి పోయారు. హాజరు పట్టీలో ఏం రాస్తారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సరే, భూమి సంగతి. తెలంగాణలో పట్టాదారు పాసుపుస్తకం తెరిస్తే విస్తీర్ణం గడిలో 2.15 అని కనిపిస్తుంది. అంటే రెండెకరాల పదిహేను గుంటలు. ఎకరానికి 40 గుంటలు. కనుక ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకూ గుంటలకూ నడుమ గట్టు. 1.30కి 1.20 కలిపితే గుంటలు 50 అవుతాయి, అందులో 40 ఒక ఎకరమై గట్టు దాటి పోతాయి, చివరికి 3.10 తేలుతుంది. ఈ లెక్క రైతు బిడ్డకు ఇంటి దగ్గర వస్తుంది. బడికొచ్చి అదే పిల్లవాడు 2.50 అంటాడు. నాయిన లెక్క వేరు, సారు లెక్క వేరు అని రెంటినీ రెండు డబ్బాల్లో పెట్టుకుని, ఒక డబ్బా మూత తీసినప్పుడు రెండోది మూసేసి, పదో తరగతి దాకా అట్లాగే నెట్టుకొస్తాడు.

సారు ఆ రెండు డబ్బాల మూతలూ ఒకేసారి తీశారు. పేరు కొట్టేసిన పాసుపుస్తకం జిరాక్సు ఒకటి గోడకు అంటించారు. ప్రభుత్వమిచ్చే రైతు భరోసా సాయం ఎకరానికి సీజనుకు 6,000 రూపాయలు, అంటే గుంటకు 150. ఇప్పుడు 2.15 భూమికి ఎంత రావాలి? 2.15ను దశాంశమనుకుని హెచ్చవేస్తే 12,900. ఎకరాలు, గుంటలు విడదీసి వేస్తే 14,250. తేడా 1,350 రూపాయలు. ఈ మూడు అంకెలు బోర్డు మీద పడ్డాక ఆ గదిలో కునికేవాడు ఒక్కడూ లేడు.

ఆంధ్ర ప్రాంతంలో ఈ తంటా లేదు. అక్కడ సెంట్లు. నూరు సెంట్లకు ఎకరం. గుంటూరు పిల్లవాడికి భూమి లెక్కలోనే దశాంశం ఇంటినుంచి నడిచొస్తుంది. మన పిల్లవాడికి మాత్రం ఒక గుంటకు రెండున్నర సెంట్లన్న సంగతి అటువైపు పెళ్లి సంబంధం కలుపుకునేదాకా అవసరం పడదు!

భోజనాల గంట కొట్టాక స్టాఫ్‌రూంలో కూర్చున్నాం. ఈ పాఠం ఎట్లా పుట్టిందో చెప్పమన్నాను. సారు ముందు తను బోర్లాపడ్డ కథ చెప్పారు. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ దశాంశాల పాఠాన్ని నేరుగా పాసుపుస్తకంతోనే మొదలుపెట్టారట. పిల్లలు ఎగిరి గంతేశారు. వారం తర్వాత స్లిప్ టెస్టులో 2.35 మీటర్లకు 1.25 మీటర్లు కలపమంటే తొమ్మిదిమంది 4.20 అని రాశారు. మీటర్లను కూడా గుంటలు చేసేశారు! "నేనే చెడగొట్టిన సార్ వాళ్లను" అన్నారాయన, ఇప్పటికీ కొంచెం సిగ్గుపడుతూ.

రెండో ఏడాది జాగ్రత్తపడి ముందు రూపాయలు-పైసలు, మీటర్లు-సెంటీమీటర్లు అన్నీ పూర్తిచేసి, చివర్లో భూమి తెచ్చారు. తప్పులు తగ్గాయి, హుషారూ తగ్గింది. పాఠం అయిపోయాక తోకలా తగిలించిన ముచ్చటను పిల్లలు పట్టించుకోలేదు. మూడో ఏడాది పైసలు, గంటలు, గుంటలు మూడింటినీ ఒకే రోజు పక్కపక్కన పెట్టారు. ప్రశ్న ఒక్కటే. చుక్క అవతల ఎన్నయితే ఇవతలికి ఒకటి వస్తుంది? పైసలైతే 100, నిమిషాలైతే 60, గుంటలైతే 40. అప్పటినుంచి పిల్లలు చుక్క కనబడగానే ఏం లెక్క అని అడగడం మొదలుపెట్టారు. "పైసలా సార్, భూమా" అన్న ప్రశ్న వెనుక మూడేళ్లున్నాయి.

మనం సిలబస్‌నే కరికులం అనేస్తుంటాం. ఏయే పాఠాలు ఏ నెలలో అయిపోవాలన్నది సిలబస్, దానికి పట్టిక చాలు. ఏది ముందు, ఏది వెనుక, ఏ ప్రశ్నతో తలుపు తీయాలి, ఎక్కడ పిల్లవాడు జారిపడతాడు, పడ్డప్పుడు ఏం పట్టుకుని లేస్తాడు అన్నది మాత్రం ఎవరో ఒకరు తరగతి గదిలో చెయ్యి కాల్చుకుని కనుక్కోవాలి. సారు యూనిట్ ప్లాన్ తిరగేశాను. నింపాల్సిన గడులన్నీ నింపి ఉన్నాయి. ఈ మూడేళ్ల కథకు ఆ గడుల్లో చోటు లేదు. అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్నారు.

పుస్తకాలను తప్పుపట్టను. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం తయారైంది. దాని ప్రకారం 2012-13లో ఆరు, ఏడు తరగతులకు, మరుసటి ఏడు ఎనిమిది, తొమ్మిదికి కొత్త పుస్తకాలొచ్చాయి. లెక్కల్లో ఐదు విద్యాప్రమాణాలు పెట్టారు. సమస్యాసాధన, కారణాలు-నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యం. నాలుగోదాన్ని పట్టుకునే సారు పాసుపుస్తకం తెచ్చారు. దారి పుస్తకమే చూపింది, నడవడానికే తీరిక దొరకదు. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం, ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. పిల్లలు ఏ పేజీ చూస్తారో వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ లెక్కను తెలుగు పేజీలో చదివి, ఊరి మాటలో ఆలోచించి, మళ్లీ ఇంగ్లిష్‌లో జవాబు రాయాలి. పదకొండేళ్ల పిల్లల మీద ఇది చిన్న బరువు కాదు.

తెలుగు మేడం పక్కనే కూర్చుని వింటున్నారు. ఆమె బాధ ప్రాజెక్టు పని. నవవసంతం పుస్తకంలో ప్రతి పాఠం చివరా ప్రాజెక్టు ఉంటుంది, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో దానికి మార్కులూ ఉంటాయి. పిల్లలు తొర్రూరు పోయి నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని, రంగు కాగితం అంటించి తెచ్చేస్తారు. ముప్పై మందివి ఒకటే ప్రింటు. "పోతన గురించి నెట్ల ఎందుకు బిడ్డా, బమ్మెర మన పక్కన్నే ఉండె" అని ఆమె మొత్తుకుంటారు. నిజమే. బమ్మెర, పాలకుర్తి రెండూ ఇక్కడికి బస్సులో పోయి పొద్దుగూకే లోపు తిరిగొచ్చే దూరం. భాగవతం రాసిన చేత్తోనే నాగలి పట్టాడని చెప్పుకునే కవి ఊరు, బసవపురాణం రాసిన సోమన ఊరు, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ ఊరు ఇంత దగ్గర్లో ఉండగా పిల్లలు పది రూపాయల ప్రింటుతో మార్కులు తెచ్చుకుంటున్నారు. ఈ ఏడు ఆమె ప్రింటు కాగితం తీసుకోనని చెప్పేశారు. ఇంట్లో ముసలివాళ్లను అడిగి వ్యవసాయపు మాటలు ఇరవై రాసుకురమ్మన్నారు. కాని (కాడి), గొర్రు, కచ్చురం, మోట లాంటివి. మోట అంటే ఏమిటో ఒక్క పిల్లకూ తెలియదట. నోటుబుక్కులు చూశాను. కొన్ని మాటలు నాకూ తెలియవు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు బడిలో నడిమి బిడ్డలాంటివి. చిన్నపిల్లలకు తొలిమెట్టు అనే కార్యక్రమం ఉంది. పదో తరగతికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి స్పెషల్ క్లాసులు, ఫలితాల శాతం, పేపర్లో ఫొటో. మా కాలంలో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది కాబట్టి ఆ భయానికైనా ఎవరో ఒకరు పట్టించుకునేవారు. ఆ పరీక్ష మళ్లీ రావాలని నేను అనను. ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లల కోసం 2023-24లో ఉన్నతి అని ఒక కార్యక్రమం వచ్చింది. అయినా బడిలో సారుకు దొరికే అదనపు గంట మొదట పదో తరగతికే పోతుంది. విద్యాహక్కు చట్టం ఈ మూడు తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 గంటల బోధన అని లెక్క కట్టింది. ఆ వెయ్యి గంటల్లో ఒక పాఠాన్ని విప్పి మళ్లీ కుట్టుకునే గంటలెన్నో చెప్పలేదు.

ఈ తరగతుల మీదే కళ్లు పెట్టి పనిచేసిన ఊళ్లు లేకపోలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా సైన్సును ప్రయోగాలతోనే చెప్పడం మొదలుపెట్టారు. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు పూనుకున్నాయి, 1982లో పుట్టిన ఏకలవ్య తర్వాత అందుకుంది. టీచర్లు నెలనెలా కూడి ఏ ప్రయోగం ఎక్కడ చెడిందో చెప్పుకునేవారు, వాళ్లు చెప్పినదాన్ని బట్టి పుస్తకం మారేది. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోనిచ్చేవారు. పిల్లలు సవాలీరాం అనే కల్పిత మనిషికి ఉత్తరాలు రాసి ప్రశ్నలడిగేవారు, జవాబులు వచ్చేవి. ముప్పై ఏళ్లు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది.

మన దగ్గరా టీచర్లు కూడే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులున్నాయి. సారు తన పాసుపుస్తకం పాఠాన్ని అక్కడ చెప్పారు. ఇద్దరు జిరాక్సు అడిగి తీసుకున్నారట. ఒకాయన మాత్రం "మంచిగుంది సార్, గని పరీక్షల గుంటలు రావు గదా" అన్నారట. ఆయన అన్నదీ అబద్ధం కాదు.

మధ్యాహ్నం ఎనిమిదో తరగతి. వర్గమూలాల పాఠం. సారు పిల్లల్ని బయటికి తీశారు. నలుగురి చేతుల్లో నాలుగు గూటాలు, ఒకరి చేతిలో టేపు, మరొకరి చేతిలో కొబ్బరి తాడు. "గుంట అంటే ఎంత?" "121 గజాలు సార్." "121కి వర్గమూలం?" "11." అంతే, దారి దొరికింది. పదకొండు గజాలు ఒక పక్క, పదకొండు గజాలు ఇంకో పక్క. అడుగుల్లో 33, విస్తీర్ణం 1,089. గుంటకు ఒక ఆకారం ఉంటుందని, అది చక్కని చతురస్రంగా కూర్చుంటుందని నాకు ఈ వయసులో తెలిసింది. ఒక పిల్లవాడికి ఇంకా గమ్మత్తు తట్టింది. "క్రికెట్ పిచ్ 22 గజాలు గదా సార్, అండ్ల సగం!" అన్నాడు. 22 గజాలంటే ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లిష్ లెక్కల పండితుడు 1620లో భూమి కొలవడానికి చేసిన గొలుసు పొడవు. గుంటర్, గుంట. పేర్లు కలిసినంత మాత్రాన చుట్టరికం కట్టేయకూడదు గానీ, విన్నప్పుడు నాకూ ఒళ్లు ఝల్లుమంది.

గూటాలు దిగాయి. నాలుగు వైపులా 33 అడుగులు సరిగ్గా వచ్చాయి. తాడు బిగించి చూస్తే ఏదో తేడా. "ఒరిగింది సార్" అంది ఒక పిల్ల. "భుజాలు సమానమే గదా బిడ్డా, ఇంకేం కావాలె?" అని సారు అమాయకంగా అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు సుతారి కొడుకు ముందుకొచ్చాడు. "మా నాయిన ఇల్లు కట్టేటప్పుడు మూల నుంచి మూలకు కొలుస్తడు సార్. రెండూ ఒక్కటే ఉండాలె." కొలిచారు. ఒక కర్ణం 50 అడుగులు, రెండోది 43. రాంబస్ వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం కదా, 1,075 వచ్చింది. పధ్నాలుగు చదరపు అడుగులు ఏమైపోయాయి? "గట్టు జరిపిండ్రు!" అని ఎవరో అరిస్తే అందరూ పడీపడీ నవ్వారు. భూమి తగాదా చూడని ఇల్లు ఆ ఊళ్లో ఉంటుందా?

గూటాలు పీకి జరిపి, మళ్లీ కొలిచి, మళ్లీ జరిపి, రెండు కర్ణాలూ 46 అడుగుల 8 అంగుళాలకు తెచ్చేసరికి పీరియడ్ అయిపోయి పావుగంట దాటింది. తర్వాతి పీరియడ్ హిందీ మేడం వరండాలో నిలబడి చూస్తున్నారు. కోప్పడలేదు. ఆమె కూడా తాడు ఒక కొస పట్టుకున్నారు.

  

సాయంత్రం బస్సు టైమైంది. హెచ్‌ఎం గది ముందు పిల్లలు కొందరు గుమిగూడి ఉన్నారు. బడి జాగ మొత్తం ఎంతో చూపించమని అడుగుతున్నారు. ఆయన బీరువా తీసి కాగితం వెతికి చదివారు. 3.05. శనివారం శనివారం కొలుస్తామన్నారు పిల్లలు. మూడెకరాల ఐదు గుంటలంటే 125 గుంటలు. ఒకటి అయింది.