చూసినవాళ్లు ఎవరికి చెప్పాలి?

నల్లగండ్ల దాటి గోపనపల్లి వైపు వెళ్లే దారిలో ఉందా ప్రైవేటు బడి. జూన్ మొదటి వారం. పిల్లలు రావడానికి ఇంకా టైముంది. ఆర్టీఏ ఫిట్‌నెస్ పరీక్ష ముగించుకొచ్చిన పసుపు బస్సులు ఆవరణలో బారులు తీరి ఉన్నాయి. దూరంగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు. ఈ బడి పిల్లల అమ్మానాన్నల్లో చాలామంది పనిచేసేది అక్కడే. తరగతులు మొదలవకముందే టీచర్లు, ఆయమ్మలు, డ్రైవర్లు, బస్ అటెండెంట్లు, వాచ్‌మన్లు అందరికీ కలిపి ఒక శిక్షణ పెట్టారని విని, చూడనిస్తారా అని అడిగాను. బడి పేరు రాయనంటే రమ్మన్నారు ప్రిన్సిపాల్.

హాల్లో టీచర్లు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయమ్మలు వెనక గోడ పక్కన సర్దుకున్నారు. అందరి చేతుల్లోనూ ఇంగ్లిష్‌లో అచ్చువేసిన ప్రవర్తనా నియమావళి ఉంది. చివరి పేజీలో సంతకం పెట్టాలి. ఆయమ్మల్లో కొందరు అప్పటికే పెట్టేశారు, చదవకుండానే. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన న్యాయవాది ఆ కాగితాలు పక్కన పెట్టమని, తలా ఒక చీటీ పంచారు. కొంత తెలుగులో, కొంత హిందీలో ఒక పరిస్థితి చెప్పారు. యూకేజీ పిల్ల. కొన్ని రోజులుగా బస్సెక్కనని ఏడుస్తోంది. బాత్రూమ్‌కి తీసుకెళ్తే ఒంటిమీద చెయ్యి వేయనివ్వడం లేదు. ఒక మనిషి కనబడితే చాలు, ఆయమ్మ కొంగు వదలడం లేదు. ఇది మీ కంటపడింది. మొదట ఎవరికి చెబుతారు?

రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టారు. చీటీలన్నీ పోగుచేసి ఆమె బోర్డు మీద బాణాలు గీశారు. ఆయమ్మలు క్లాస్ టీచర్‌కి చెబుతామన్నారు. బస్ అటెండెంట్లు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్‌కి. టీచర్లు కోఆర్డినేటర్‌కి, కోఆర్డినేటర్లు ప్రిన్సిపాల్‌కి. ప్రిన్సిపాల్ కూడా చీటీ రాశారు: కరస్పాండెంట్ గారికి. బాణాలన్నీ మెట్లెక్కి రెండో అంతస్తులోని ఒకే గదికి చేరాయి. పోలీసులని గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని గానీ ఒక్కరూ రాయలేదు.

“అనుమానం ఉన్నది ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ మీదే అయితే?” అని ఆమె ఒక బాణం చెరిపేశారు. “కోఆర్డినేటర్ మీదైతే?” ఇంకొకటి చెరిపారు. చివరికి బోర్డు మీద గది మిగిలింది, దారులు పోయాయి.

ఆ తర్వాత ఆమె చట్టం మాట ఎత్తారు. పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అందులో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగవచ్చన్న భయం కలిగినవాళ్లు కూడా ఆ సంగతి స్థానిక పోలీసులకు గానీ ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలి. రుజువులు చూపమని చట్టం అడగదు. పై అధికారికి చెప్పేశాం కాబట్టి మా బాధ్యత తీరిపోయిందన్న వెసులుబాటూ ఇవ్వదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థను నడిపేవారు దాచిపెడితే ఏడాది వరకు జైలు, దానికి తోడు జరిమానా. కరస్పాండెంట్‌కీ ఆయమ్మకీ బాధ్యత ఒక్కటే. శిక్ష దగ్గర మాత్రం కుర్చీ ఉన్నవారికే ఎక్కువ.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పీఈటీ సార్ లేచారు. “ఎవరో కక్షగట్టి నా పేరు చెబితే? ఒకసారి పోలీస్‌స్టేషన్‌కి పోతే ఆ మచ్చ మళ్లీ పోతుందా?” ఆ భయానికి ఆధారం లేకపోలేదు. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని ఒక బడిలో చిన్నపిల్లాడు హత్యకు గురైతే, పోలీసులు మొదట పట్టుకున్నది బస్ కండక్టర్‌ని. తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. ఆ కండక్టర్‌పై సాక్ష్యం లేదని తేల్చి, అదే బడిలోని పెద్ద తరగతి విద్యార్థిని సీబీఐ అదుపులోకి తీసుకుంది. న్యాయవాది ఈ కేసే చెప్పి, దాని పాఠం ఏమిటో వాళ్లనే అడిగారు. ఎవరూ పలకకపోతే ఆమే చెప్పారు. దోషి ఎవరో తేల్చడం బడి పని కాదు. తొందరపడి ఊహించడం పోలీసులకే చెల్లదు, మనకెలా చెల్లుతుంది? మన పని సమాచారం చేరవేయడం వరకే. దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేసిన పెద్దవాళ్లకు 22వ సెక్షన్‌లో శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై, ఆ చెప్పినందుకు, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదని 19వ సెక్షనే అంటుంది.

“పోలీసులకి చెప్పేముందు మేం ఒకసారి కనుక్కోవద్దా మేడమ్?” అని ఒక సీనియర్ టీచర్ అడిగారు. బడుల్లో ఎక్కువగా చేటు జరిగేది ఈ కనుక్కోవడం దగ్గరే. పిల్లను ప్రిన్సిపాల్ గదికి పిలుస్తారు. ఇద్దరు టీచర్లు, ఒక కౌన్సిలర్, ఒక హెచ్‌ఆర్ మనిషి చుట్టూ కూర్చుని అడిగిందే అడుగుతారు. అనుమానం ఉన్నవాణ్నీ పిలిచి ఎదురుగా నిలబెడతారు. సాయంత్రానికి పిల్ల మాట మారుతుంది, వాడు జాగ్రత్తపడతాడు. చట్టం దీన్ని ముందే ఊహించింది. పిల్ల వాంగ్మూలం ఇంట్లో గానీ తనకు నచ్చిన చోట గానీ తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి, అదీ యూనిఫాం లేకుండా. హైదరాబాద్ పోలీసులు 2016లో హాకా భవన్‌లో భరోసా కేంద్రం తెరవడం వెనక ఉద్దేశం కూడా ఇలాంటిదే. వైద్యం, కౌన్సిలింగ్, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరికితే పిల్ల పది గదులు తిరగనక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక ఆయమ్మ పక్కన కూర్చున్నాను. నారాయణపేట దిక్కు నుంచి వచ్చి లింగంపల్లిలో ఉంటోంది. పొద్దున సంగతులు అర్థమైనాయా అని అడిగాను.

“అర్థమైనయ్ సారూ. మాకు పోరగాళ్ల మొకం జూస్తెనే తెలుస్తది. గని మేం ఏజెన్సోళ్లం. జీతం ఈ బడి ఇయ్యదు, ఏజెన్సాయన ఇస్తడు. రేపట్సంది రావొద్దంటే ఎవలను అడగాలె?”

ఇంతకు ముందు ఇంకో బడిలో చేసేదట. ఒక టీచరమ్మ స్కేలుతో పిల్లల వేళ్ల మీద కొడుతుంటే ఆఫీసులో చెప్పింది. పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే నిషేధించిందన్న సంగతి ఆమెకు తెలియదు. తప్పనిపించింది, చెప్పింది. టీచరమ్మ ఉంది. తర్వాతి నెల ఏజెన్సీ ఈమెను వేరేచోటికి వేసింది. కారణం ఎవరూ చెప్పలేదు.

పోక్సో నియమాలు 2020లో మారినప్పుడు ఇలాంటి మనుషుల ప్రస్తావన స్పష్టంగా చేర్చారు. బోధించేవారైనా కానివారైనా, సొంత ఉద్యోగులైనా కాంట్రాక్టువాళ్లైనా, పిల్లల దగ్గర మసిలే ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్ జరగాలని, శిక్షణ ఇవ్వాలని అవి చెబుతాయి. వెరిఫికేషన్ వరకు ఈ బడి పక్కాగా చేసింది. ఫైళ్లు చూపించారు కూడా. ఆయమ్మ మీద అనుమానం వస్తే వెతకడానికి ఫైలుంది. ఆయమ్మకే ఒక అనుమానం వస్తే ఏమిటన్నదానికి ఫైలు లేదు.

బడిలో పిల్లల భద్రత విషయంలో ఈ నగరం గట్టి దెబ్బ తిన్నది 2022 అక్టోబరులో. ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్ల పాపపై అఘాయిత్యం చేశాడని ప్రిన్సిపాల్ కారు డ్రైవర్‌ని అరెస్టు చేశారు. నిర్లక్ష్యం ఆరోపణపై ప్రిన్సిపాల్‌నీ అరెస్టు చేశారు. బడి గుర్తింపు రద్దుకు ప్రభుత్వం ఆదేశించింది. చదువు మధ్యలో మా పిల్లలు ఎక్కడికి పోవాలని మిగతా తల్లిదండ్రులు గొడవపడితే మళ్లీ నడవనిచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు డ్రైవర్‌కి 20 ఏళ్ల జైలు వేసింది, ప్రిన్సిపాల్‌ని నిర్దోషిగా వదిలింది. ఆ బడి పేరు, ఉన్న పేట నేను రాయడం లేదు. పిల్లను గుర్తుపట్టే వీలిచ్చే ఏ వివరమూ, బడి పేరుతో సహా, పత్రికల్లో రాకూడదని పోక్సో 23వ సెక్షన్ అంటుంది. ఈ గోప్యత పిల్ల కోసం. బడులు పాటించే గుట్టు వేరు. ‘పిల్ల భవిష్యత్తు ఆలోచించండి’ అని తల్లిదండ్రులకు నచ్చజెప్పేటప్పుడు బడివాళ్లు నిజంగా ఆలోచించేది వచ్చే ఏడాది అడ్మిషన్ల గురించి. 2022 నవంబరులో మహారాష్ట్ర హాస్టల్ కేసులో సుప్రీంకోర్టు మాట్లాడింది ఈ గుట్టు గురించే. తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమనీ, చాలాసార్లు దోషిని కాపాడే ప్రయత్నమనీ అంది.

భోజనాల తర్వాత శిక్షణలో పెద్దవాళ్ల మధ్య వేధింపుల సంగతి వచ్చింది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. ఇక్కడ కమిటీ ఉంది, పేర్లు గోడకు అంటించారు. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలన్నది మాత్రం ఆ కాగితంలో లేదు. న్యాయవాది పెన్ను తీసి అక్కడే రాయించారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది దూరంగా కనిపిస్తున్న ఆ అద్దాల మేడలే. పైవాళ్లను దాటి చెప్పే దారి ఉండాలన్న పాఠం ఈ ఐటీ కారిడార్‌కి కొత్త కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్‌లో మోసం జరిగిందని దాని అధినేత రామలింగరాజు ఒప్పుకున్న లేఖ బయటపడడానికి వారాల ముందే, 2008 డిసెంబరులో, పేరు చెప్పుకోని ఒకరు కంపెనీ స్వతంత్ర డైరెక్టరుకి మెయిల్ పంపి లెక్కల మోసం గురించి హెచ్చరించారు. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలకు ఒక నియమం పెట్టింది. తప్పు చూసిన ఉద్యోగి తన పై అధికారిని దాటి, అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడి దాకా వెళ్లే దారి ఉండాలి. వెళ్లినందుకు అతన్ని సాధించకూడదు. అందుకే ఇక్కడి ఐటీ ఉద్యోగులు ఏటా ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి, హాట్‌లైన్ నంబరు చూసి, క్విజ్ పాసవుతారు. కంపెనీ డబ్బు పోతుంటే ఎవరికి చెప్పాలో వాళ్లకు కంఠతా వచ్చు. వాళ్ల పిల్లలు చదివే బడులు ఎక్కువగా సొసైటీల పేరునో ట్రస్టుల పేరునో నడుస్తాయి. ఆ కంపెనీల నియమం వీటికి వర్తించదు. పీటీఎంలో వాళ్లడిగేది ఏసీ గురించి, ఒలింపియాడ్ గురించి, బస్సులో జీపీఎస్ గురించి. భద్రత మాటకొస్తే సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నాయంటారు. కెమెరా కారిడార్ వరకే చూస్తుంది. బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడేది ఆయమ్మ.

సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలో ఆ రోజు తేలినవి లెక్కగట్టారు. 1098, అత్యవసర నంబరు 112, దగ్గరి పోలీస్‌స్టేషన్ నంబర్లు తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో ప్రతి అంతస్తులో, ప్రతి బస్సులో పెట్టాలి. నియమావళిని తెలుగులో చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలి. ‘మొదట ప్రిన్సిపాల్ అనుమతి తీసుకోవాలి’ అని అందులో ఉన్న వాక్యం కొట్టేయాలి. ఇవన్నీ పైసా ఖర్చులేని పనులు, కరస్పాండెంట్ వెంటనే సరేనన్నారు. నాలుగోది న్యాయవాది అడిగారు. ఫిర్యాదు చేసిన ఆయమ్మను గానీ అటెండెంట్‌ను గానీ రాతపూర్వకమైన కారణం లేకుండా ఏడాదిపాటు తీసేయకూడదు, మార్చకూడదు అని ఏజెన్సీ ఒప్పందంలో ఒక షరతు చేర్చాలి. దానికి మాత్రం ఆయన, “ఏజెన్సీవాళ్లతో మాట్లాడి చూద్దాం” అన్నారు.

మొదటి మూడూ అమలవుతాయి, సందేహం లేదు. కానీ పొద్దున బోర్డు మీద చెరిగిపోయిన బాణాలకు బదులు కొత్త దారి పడాలంటే ఆ నాలుగోదే కావాలి. పిల్లను బడిలో చేర్చే తల్లిదండ్రులు ఫీజు రసీదు తీసుకునే ముందు అడగాల్సింది కూడా దాని గురించే: మీ ఆయమ్మ ఫోన్ చేసి చెబితే, మర్నాడు ఆమెకు పని ఉంటుందా?